మినిమలిజం ఆచరణలో: ఏది ముందు, ఏది తర్వాత

అవసరమైనవాటితోనే తేలిగ్గా బతకాలనే మినిమలిజం వైపు మొగ్గుచూపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న: "ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" ఎక్కువమంది బీరువా తలుపు తెరిచి మొదలుపెడతారు. రెండు రోజులు ఒళ్లు హూనం చేసుకుని సంచుల కొద్దీ బయటికి పంపిస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి బీరువా మళ్లీ నిండిపోతుంది. తమలో పట్టుదల లేదని అనుకుని అంతటితో వదిలేస్తారు. నా దృష్టిలో లోపం పట్టుదలది కాదు, వరుసది. వస్తువులు వచ్చే దారి తెరిచి ఉన్నంతకాలం లోపల ఎంత ఖాళీ చేసినా అది నిలవదు.

అందుకే ముందు రాకను ఆపుదాం. తర్వాత ఉన్నవాటిని తగ్గిద్దాం. ఆ తర్వాత ఫోను, సమయం, చివరగా నిలబెట్టుకునే అలవాట్లు. వేగం మీ ఇష్టం, ఈ క్రమాన్ని మాత్రం మార్చకండి. మొత్తం పనికి మూడు నుంచి ఆరు నెలలు పట్టినా అది ఆలస్యం కాదు.

## 1. కారణాన్ని కాగితం మీద పెట్టండి

"ఇల్లు శుభ్రంగా ఉండాలి" అన్నది కారణంగా చాలదు. పాత వస్తువును చేతిలో పట్టుకుని తటపటాయిస్తున్నప్పుడు ఆ మాట మీకు ఏ దారీ చూపదు. కారణం సూటిగా ఉండాలి. "సాయంత్రం సర్దడానికే పోతున్న గంట పిల్లలతో గడపాలి." "నెలాఖరులో అప్పు చేయకుండా గడవాలి." "మళ్లీ బొమ్మలు వేసుకోవడానికి ఒక బల్ల ఖాళీగా కావాలి." ఇలా ఒకటి రెండు వాక్యాలు రాసి, రోజూ కంటపడే చోట అంటించండి.

ఏది ఉంచుకోవాలో ఆ కాగితమే చెబుతుంది. బొమ్మలు వేసేవాళ్లకు నలభై కుంచెలు ఎక్కువ కాదు. వంట ఇష్టమైనవాళ్లకు నాలుగు మంచి కత్తులు ఉంటే తప్పు లేదు. ఇంట్లో ఇన్నే వస్తువులు ఉండాలని అంకె పెట్టుకునే పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. అంకె కోసం పనికొచ్చేవాటిని తీసేసి, తర్వాత వాటికోసం ఇబ్బంది పడటంలో అర్థం లేదు.

కారణం రాసిన రోజునే ఇవి కూడా చేయండి:

☐ ప్రతి గదినీ, అలమార తలుపులు తెరిచి లోపలి అరలనూ ఫొటో తీయండి. రోజూ చూసి అలవాటైన కంటికి తెలియని రద్దీ ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

☐ మిమ్మల్ని ఎక్కువగా విసిగించే మూడు చోట్లను గుర్తించండి. తాళాలు దొరకని బల్ల, తెరవగానే ఏదో ఒకటి జారిపడే అర, బట్టలు పేరుకుపోయే కుర్చీ వంటివి.

☐ ఇంట్లోవాళ్లతో ఒక్క మాట చెప్పండి: "నా వస్తువులే సర్దుకుంటున్నాను, మీవి ముట్టుకోను."

## 2. మొదటి నెల: రాకను ఆపండి

ఈ నెలలో ఇంట్లోంచి ఒక్క వస్తువునూ తీయనక్కర్లేదు. వచ్చేవాటి మీదే దృష్టి పెట్టండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వాయిదా జాబితా. ఫోనులోనో చిన్న పుస్తకంలోనో ఒక జాబితా పెట్టుకోండి. తినేవి, మందులు, పూర్తిగా పాడైన వస్తువు స్థానంలో తెచ్చేవి ఇందులోకి రావు. మిగతా ఏది కొనాలనిపించినా వెంటనే కొనకుండా అందులో రాయండి. ఒక్కోదానికి ఐదు వివరాలు: పేరు, ఈనాటి తేదీ, ధర, ప్రస్తుతం ఆ పని దేనితో జరుగుతోంది, దీని వెంట ఇంకా ఏమేం కొనాల్సి వస్తుంది.

చివరి రెండింటినీ తప్పించుకోకండి. "ఇప్పుడు దేనితో జరుగుతోంది" అన్నచోట "ఉన్నదానితోనే బాగా జరుగుతోంది" అని మీ చేత్తో మీరే రాసుకుంటే సగం మోజు అక్కడే తీరిపోతుంది. "వెంట ఏం రావాలి" అన్నది ఇంకా ముఖ్యం. కొత్త కెమెరా కొంటే సంచి, మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, స్టాండు, వాటన్నిటికీ ఒక అర కావాలి. కొత్త సోఫా వచ్చాక పాత కర్టెన్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ధర చీటీ మీద ఉండేది మొదటి ఖర్చు మాత్రమే.

చిన్నవాటికి 3 రోజులు, పెద్దవాటికి 30 రోజులు ఆగండి. గడువు తీరాక కూడా కావాలనిపిస్తే, చేతిలో డబ్బు ఉంటే, నిశ్చింతగా కొనుక్కోండి. జాబితాలోని చాలా పేర్లు ఎందుకు రాశారో కూడా అప్పటికి గుర్తుండదు. వాటిని కొట్టేయండి.

కొనడాన్ని కాస్త కష్టం చేయండి. ఒక్క నొక్కుతో కొనుగోలు పూర్తయ్యేలా యాప్‌లను తీర్చిదిద్దారు. ఆ సౌకర్యాన్ని మీరే తీసేయాలి. దాచి ఉంచిన కార్డు వివరాలను తొలగించండి. షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి, వీలైతే యాప్‌లనే తీసేయండి. ప్రచార మెయిళ్లు వచ్చినప్పుడల్లా అడుగున ఉండే "అన్‌సబ్‌స్క్రైబ్" లింకు నొక్కండి. రెండు వారాల్లో మెయిల్ పెట్టె గమనించదగ్గంత ప్రశాంతమవుతుంది.

తగ్గింపు ధరల లెక్క. అవసరం లేని వస్తువు సగం ధరకు వస్తే సగం డబ్బు మిగిలినట్టు కాదు, సగం డబ్బు పోయినట్టు. వాయిదా జాబితాలో ముందే పేరున్న వస్తువుకు తగ్గింపు వస్తేనే దాన్ని పట్టించుకోండి.

ఉచితంగా వచ్చేవి. ఇక్కడే చాలామంది మెత్తబడిపోతారు. సమావేశాల్లో ఇచ్చే సంచులు, వస్తువు కొంటే కలిపి ఇచ్చే చిన్న డబ్బాలు, ఎవరో ఇల్లు మారుతూ "మీకు పనికొస్తుందేమో" అని ఇచ్చేవి. డబ్బు పెట్టకపోయినా చోటు, దుమ్ము దులపడం, చివరికి ఎక్కడ పడేయాలన్న తలనొప్పి మీవే. మర్యాదగా కాదనే వాక్యం ఒకటి ముందే సిద్ధం చేసుకోండి: "ఇచ్చినందుకు సంతోషం, కానీ నా దగ్గర ఉంటే వాడకుండా పడి ఉంటుంది. అవసరమైనవాళ్లకు ఇవ్వండి."

కానుకల విషయంలో మీవాళ్లకు ముందే చెప్పడం మేలు. ఏమీ వద్దంటే వాళ్లకు వెలితిగా ఉంటుంది. దాని బదులు కలిసి భోజనం, ఒక ప్రయాణం, వాడితే అయిపోయే వస్తువు ఇలా ఏదో ఒకటి మీరే సూచించండి.

## 3. పనికి ముందు ఏర్పాట్లు

రెండో నెలలో తగ్గించే పని మొదలవుతుంది. దానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ముఖ్యంగా సర్దుకునే డబ్బాలు, బుట్టలు, అరలు కొనకండి. ఎంత మిగులుతుందో తెలియకముందే డబ్బాలు కొంటే, వాటిని నింపడం కోసమే వస్తువులు మిగిలిపోతాయి.

☐ ఐదు అట్టపెట్టెలు తీసుకుని వాటి మీద రాయండి: ఉంచేవి, ఇచ్చేవి, మరమ్మతు, పారేసేవి, సందేహం.

☐ ఇచ్చేవి ఎవరికి ఇవ్వాలో ముందే కనుక్కోండి. ఏ రోజు తీసుకుంటారు, ఏవి తీసుకోరు అన్నది ఫోనులో అడిగి రాసుకోండి. ఈ పని చేయకపోతే "ఇచ్చేవి" పెట్టె నెలల తరబడి గుమ్మం దగ్గరే కూర్చుంటుంది.

☐ 40 నిమిషాలకు గడియారం పెట్టుకోండి. మొదటి 30 నిమిషాలు ఏరడానికి, చివరి 10 ఉంచేవాటిని వెనక్కి పెట్టి నేల ఖాళీ చేయడానికి.

☐ అలసి ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. ప్రతి వస్తువూ ఒక నిర్ణయం. అలసిన మనసు అయితే అన్నీ ఉంచేస్తుంది, లేదంటే అన్నీ పారేస్తుంది.

## 4. ఏ వరుసలో వెళ్లాలి

గదుల వారీగా కాకుండా రకాల వారీగా వెళ్లండి. కత్తెరలు మూడు గదుల్లో ఉంటే, ఒక గది సర్దినప్పుడు ఒకటే ఉన్నట్టు అనిపిస్తుంది. అన్నిటినీ ఒకచోట పోస్తేనే అసలు లెక్క తేలుతుంది.

1. చూడగానే చెత్త అని తెలిసేవి: విరిగినవి, గడువు తీరినవి, ఖాళీ పెట్టెలు.
2. ఒకే పనికి రెండు మూడు ఉన్నవి.
3. దుస్తులు, చెప్పులు, సంచులు.
4. వంటసామాను, పనిముట్లు.
5. కాగితాలు.
6. తీగలు, పాత ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు.
7. పుస్తకాలు, అభిరుచులకు సంబంధించినవి.
8. ఫొటోలు, ఉత్తరాలు, జ్ఞాపికలు.

తేలికైన వాటితో మొదలై మనసుకు దగ్గరైన వాటితో ముగిసేలా ఈ వరుస ఉంది. నిర్ణయించడం కూడా సాధన చేస్తేనే వస్తుంది. మొదటిరోజే పాత ఆల్బమ్ తెరిస్తే, సాయంత్రానికి కళ్లలో నీళ్లు తప్ప పని ముందుకు సాగదు.

## 5. ఒక సొరుగు దగ్గర కూర్చుందాం

పద్ధతి అర్థం కావాలంటే ఒక్క సొరుగు చాలు. బల్ల కింద, అన్నీ పడేసే సొరుగు ఒకటి ఉంటుంది కదా, దాన్నే తీసుకోండి. నేల మీద పాత దుప్పటి పరిచి సొరుగును పూర్తిగా బోర్లించండి. పైపైన ఏరడం వద్దు. ఖాళీ సొరుగును తుడిచి పక్కన పెట్టండి. ఇక ఏ వస్తువూ "ముందు నుంచీ ఉంది" అన్న కారణంతో లోపలికి పోదు, మీరు ఎంచుకుంటేనే పోతుంది.

పది పన్నెండు కలాలు ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ కాగితం మీద గీసి చూడండి. రాయనివి అక్కడికక్కడే పారేయండి. రాసేవాటిలో చేతికి ఇష్టమైనవి మూడు ఉంచండి.

కత్తెరలు రెండు. ఒకటి బాగా తెగుతుంది, ఇంకొకటి కాగితాన్ని నలుపుతుంది. రెండోదాన్ని సానబెట్టిస్తారా? అయితే మరమ్మతు పెట్టెలో వేసి, దాని మీద రెండు వారాల తర్వాతి తేదీ రాయండి. ఆ తేదీ దాటినా కదలకపోతే అది మరమ్మతు కానట్టే, బయటికి పంపండి.

ఏ తాళానిదో తెలియని తాళంచెవి. లేచి ఇంట్లోని తాళాలన్నిటికీ ఇప్పుడే పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని. దేనికీ పట్టకపోతే చిన్న కవరులో వేసి, తేదీ రాసి, సందేహం పెట్టెలో వేయండి.

పాత చార్జరు. దాని మీద అవుట్‌పుట్ అని రాసి వోల్టులు, ఆంపియర్లు ముద్రించి ఉంటాయి. అవి మీ దగ్గరున్న పరికరంతో సరిపోతే ఆ పరికరం పేరు రాసిన చీటీ అంటించి ఉంచండి. పరికరమే లేకపోతే చార్జరూ వద్దు.

ఒక బొత్తాము. చొక్కా ఏదో తెలిస్తే ఈ సాయంత్రమే కుట్టండి.

పాత కళ్లజోడు. పెట్టుకుని చదివి చూడండి. ఇంకా కనిపిస్తే అత్యవసరానికి ఒకటి ఉంచుకోవడం తెలివైన పనే. కనిపించకపోతే ఇచ్చేవాటిలోకి.

ఇలా చేస్తే సొరుగులో సగం చోటు మిగులుతుంది. ఆ చోటును దేనితోనూ నింపకండి. వస్తువు తీయడానికి ఇంకో వస్తువును జరపాల్సిన అవసరం లేనప్పుడే ఆ సొరుగు సర్దినట్టు.

ప్రతి వస్తువు దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవి:

- గడిచిన ఏడాదిలో దీన్ని వాడానా?
- ఇది లేకపోతే ఆ పనిని దేనితో చేస్తాను?
- మళ్లీ కావలసివస్తే సులువుగా, తక్కువ ఖర్చుతో దొరుకుతుందా?
- నా దగ్గర లేదనుకుని చూస్తే, ఇవాళ డబ్బు పెట్టి కొంటానా?

నాలుగో ప్రశ్నకు ఒక కారణం ఉంది. తన దగ్గరున్న వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కట్టుకుంటాడు. మనస్తత్వవేత్త డానియల్ కానెమన్, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ తదితరులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్లు ఇవ్వజూపిన ధరకు దాదాపు రెట్టింపు ధర వాళ్లు అడిగారు. కప్పులు రెండు వర్గాలకూ ఒకటే, చేతిలో ఉండటమే తేడా. అందుకే "పారేయనా?" అని కాకుండా "కొంటానా?" అని అడిగి చూడండి. జవాబు చాలా తొందరగా వస్తుంది.

## 6. దుస్తులు

ఎన్ని జతలు కావాలో ఊహించకండి, లెక్క వేయండి. ఎన్ని రోజులకోసారి ఉతుకుతారో ఆ సంఖ్యకు రెండో మూడో కలపండి. నాలుగు రోజులకోసారి ఉతికేవాళ్లకు రోజువారీ జతలు ఆరేడు చాలు. ప్రత్యేక సందర్భాలవి, చలికాలంవి వేరుగా లెక్కపెట్టండి.

ఏవి నిజంగా వేసుకుంటున్నారో తెలియకపోతే హ్యాంగర్లన్నిటినీ కొక్కెం మీ వైపు తిరిగేలా తగిలించండి. వేసుకుని ఉతికినదాన్ని మామూలుగా తగిలించండి. మూడు నెలల తర్వాత తిరగని హ్యాంగర్లే మీకు జవాబు. కాలాన్ని బట్టి వేసుకునేవాటికి మాత్రం ఏడాది గడువివ్వండి.

"సన్నబడ్డాక వేసుకుంటాను" అని దాచినవి చాలామంది బీరువాల్లో ఉంటాయి. తెరిచిన ప్రతిసారీ అవి మిమ్మల్ని నిందిస్తున్నట్టే ఉంటాయి. వాటిలో బాగా నచ్చిన ఒక్కటి ఉంచుకుని మిగతావి ఇచ్చేయండి. ఈనాటి మీ ఒంటికి హాయిగా సరిపోయే బట్టలు కట్టుకునే హక్కు మీకుంది.

ఇచ్చేముందు ఉతికి, చిరుగులు లేనివే ఇవ్వండి. చిరిగినవాటిని తుడుపు గుడ్డలుగా కత్తిరించుకోండి, అవి కూడా పదికి మించకుండా.

## 7. వంటగది, పనిముట్లు

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. డబ్బాలకు మూతలు జతచేసి చూడండి, జత లేనివి తీసేయండి. ఒకే ఒక్క పని చేసే పరికరాన్ని నెలకోసారైనా వాడకపోతే ఇచ్చేయండి. ఏడాదికోసారి మాత్రమే కావలసే పెద్ద పాత్రలు, నిచ్చెనలు, డ్రిల్లింగ్ యంత్రాల వంటివి ఇరుగుపొరుగు దగ్గర అరువుకో అద్దెకో దొరుకుతాయేమో కనుక్కోండి.

## 8. కాగితాలు

మూడు దొంతరలు చేయండి. అసలు ప్రతి తప్పనిసరిగా ఉండాల్సినవి: ఆస్తి పత్రాలు, విద్యార్హతల ధ్రువపత్రాలు, జనన వివాహ పత్రాలు, బీమా, వీలునామా. గడువు వరకు ఉంచాల్సినవి: పన్ను కాగితాలు, వారంటీలు, నడుస్తున్న వైద్యానికి సంబంధించినవి. మిగతావన్నీ వెళ్లిపోయేవి.

రెండో దొంతరలో ఒక జాగ్రత్త. దుకాణాల్లో యంత్రం నుంచి వచ్చే నున్నటి రసీదుల్లో చాలా భాగం వేడికి నల్లబడే కాగితం మీద ముద్రించినవే. అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. వారంటీ రసీదు అయితే ఆరోజే ఫొటో తీసుకోండి. లేదంటే కావలసిన రోజున ఖాళీ కాగితమే మిగులుతుంది.

స్కాన్ చేసినవాటికి పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత విషయం రాయండి: 2024-03-15-ఫ్రిజ్-వారంటీ. అప్పుడు ఫైళ్లు కాలక్రమంలో వాటంతటవే నిలబడతాయి. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు, కంప్యూటర్, పెన్ డ్రైవ్ వంటి రెండు రకాల నిల్వల్లో, అందులో ఒకటి ఇంటికి బయట ఉండేలా చూసుకోండి. ఇది పూర్తయ్యేదాకా ఏ కాగితాన్నీ చింపకండి. ఖాతా నంబర్లు, సంతకాలు ఉన్న కాగితాలను ముక్కలు చేశాకే పారేయండి.

## 9. పాత ఫోన్లు, బ్యాటరీలు, మందులు

తగ్గించే తొందరలో అపాయం తెచ్చుకునే చోటు ఇదే. ఇక్కడ నిదానంగా వెళ్లండి.

☐ బ్యాటరీలను మామూలు చెత్తలో వేయకండి. లిథియం బ్యాటరీ నలిగినా చిల్లుపడినా అంటుకోవచ్చు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే ఇవ్వండి.

☐ ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోనును చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, తెరవడానికి ప్రయత్నించకండి. మంటపడే వస్తువులకు దూరంగా ఉంచి త్వరగా అప్పగించండి.

☐ ఫోను ఇచ్చేముందు ఈ వరుస పాటించండి: ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచండి, ఖాతాల నుంచి బయటికి రండి, సిమ్, మెమరీ కార్డు తీయండి, చివరగా లోపలివన్నీ తుడిచేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా నుంచి బయటికి రాకుండా రీసెట్ చేస్తే తీసుకున్నవాళ్లకు ఆ ఫోను తెరుచుకోకపోవచ్చు.

☐ గడువు తీరిన మందులను ఎవరికీ ఇవ్వకండి. వెనక్కి తీసుకునే మందుల దుకాణం ఉందేమో అడగండి.

## 10. జ్ఞాపకాలు

చివరికి మిగిలేవి ఇవే. చనిపోయిన ఆప్తుల వస్తువులు, పిల్లల తొలి బొమ్మలు, పాత ఉత్తరాలు. వీటికి పై నాలుగు ప్రశ్నలూ వర్తించవు. ఉత్తరాన్ని "వాడానా?" అని అడగడం దానికి అన్యాయం.

ఇక్కడ అడగాల్సింది వేరు: ఈ మనిషిని, ఆ కాలాన్ని నాకు అన్నిటికన్నా బాగా గుర్తుచేసేది ఏది? అమ్మ వస్తువులు నాలుగు పెట్టెల్లో అటక మీద ఉంటే వాటిని ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. ఆమె రోజూ వాడిన ఒక్క గిన్నెను తీసి మీరు రోజూ వాడితే ఆమె రోజూ మీ మధ్య ఉన్నట్టే. దాచిపెట్టడం కన్నా ఇది పెద్ద గౌరవమని నేను నమ్ముతాను.

జ్ఞాపకాలన్నిటికీ కలిపి ఒక పెట్టె ఎంచుకోండి. పెట్టె పరిమాణమే హద్దు. నిండిపోతే కొత్తది పెట్టడానికి పాతవాటిలో ఏది తీయాలో చూసుకోండి. పెద్ద వస్తువులకు ఫొటో తీసి, ఎవరిది, ఎప్పటిది, ఎందుకు ముఖ్యమో రెండు వాక్యాలు రాసిపెట్టండి. ఆ వాక్యాలు లేకపోతే తర్వాతి తరానికి ఆ ఫొటో ఏమీ చెప్పదు.

దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఈ మెట్టు వద్దు. ఏడాది ఆగినా పర్వాలేదు. తోబుట్టువులకు కూడా సంబంధించిన వస్తువైతే వాళ్లను అడగకుండా కదపకండి.

సందేహం పెట్టె గురించి ఇక్కడే చెప్పాలి. దాన్ని టేపుతో మూసి, ఆరు నెలల తర్వాతి తేదీ రాసి, పక్కన పెట్టండి. ఆలోగా ఏదైనా కావలసి తెరిస్తే ఆ ఒక్కటీ తీసుకోండి. గడువు నాటికి మిగిలినవాటిని ఇచ్చేయండి. జ్ఞాపికలను మాత్రం ఈ పెట్టెలో వేయకండి.

## 11. ఫోను, కంప్యూటర్

ఇల్లు ఖాళీ అయినా చేతిలోని తెర కిక్కిరిసి ఉంటే మనసుకు ఊపిరాడదు. ముందు నోటిఫికేషన్లు. మనుషులు నేరుగా మీకు పంపే సందేశాలు, కాల్స్, బ్యాంకు హెచ్చరికలు తప్ప మిగతావన్నీ ఆపేయండి. ఒక్కరోజులో తేడా తెలుస్తుంది.

తర్వాత యాప్‌లు. మూడు నెలలుగా తెరవనివి తీసేయండి. ఎక్కువగా లాగేసేవాటిని మొదటి తెర మీద నుంచి తీసి, వెతికితేనే దొరికేచోట పెట్టండి. రాత్రి ఫోను పడకగదికి బయట చార్జింగ్ పెట్టండి. అలారం కోసం మామూలు గడియారం వాడండి.

ఫొటోలు వేలల్లో ఉంటే ఒకేసారి కూర్చోకండి. రోజూ ఆ తేదీనాటి పాత ఫొటోలను మాత్రమే చూసి ఒకేలా ఉన్నవి తుడిచేయండి. ఏడాది తిరిగేసరికి అన్ని తేదీలూ అయిపోతాయి.

## 12. ఒప్పుకున్న పనులు

ఒక వారం పాటు ఏ గంట దేనికి పోయిందో రాయండి. పక్కన మొదటి మెట్టులో రాసిన కారణాన్ని పెట్టుకుని చదవండి. ఏ పనులు మొహమాటానికి ఒప్పుకున్నవో వాటంతటవే బయటపడతాయి.

అన్నీ ఒకేసారి వదిలేయకండి. ఒకదాన్ని ఎంచుకోండి. మధ్యలో వదిలితే ఎవరు ఇబ్బంది పడతారో వాళ్లకు ముందే చెప్పి, ఇంకొకరికి అప్పగించి బయటికి రండి. కొత్తగా ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబివ్వకుండా "రేపు చెబుతాను" అనండి. అది ఒకరకంగా వాయిదా జాబితాయే. నెలనెలా డబ్బు కట్టే సభ్యత్వాలను కూడా ఇప్పుడే చూడండి. బ్యాంకు ఖాతా వివరాల్లో గత మూడు నెలలవి చదివితే మరిచిపోయినవి దొరుకుతాయి.

ఖాళీ అయిన గంటలో ఏం చేస్తారో ముందే అనుకోండి. లేదంటే ఆ గంటను ఫోను పట్టుకుపోతుంది.

## 13. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ఇంట్లోవాళ్ల వస్తువులు వాళ్లు లేనప్పుడు తీసేయడం. ఇంతకన్నా పెద్ద తప్పు ఈ దారిలో లేదు. నమ్మకం పోతే వాళ్లు మరింత గట్టిగా పట్టుకుంటారు. ఇప్పటికే చేసి ఉంటే దాచకుండా చెప్పి, క్షమాపణ అడిగి, తిరిగి తెచ్చివ్వగలిగినవి తెచ్చివ్వండి. ఉమ్మడి వస్తువులను కలిసి కూర్చుని తేల్చండి. పిల్లల వస్తువుల మీద నిర్ణయం పిల్లలదే. "ఈ బుట్టలో పట్టినన్ని నీవి" అని హద్దు చెప్పి, ఎంచుకునే పని వాళ్లకు వదిలేయండి.

తీసేశాక కొత్తగా "మినిమలిస్టు" వస్తువులు కొనడం. బాగున్న గిన్నెలు తీసేసి తెల్లటి గిన్నెలు తెచ్చుకోవడం కేవలం అలంకరణ. ఉన్నవి అరిగిపోయేదాకా వాడండి.

"ఎంత పెట్టి కొన్నానో" అని ఉంచేయడం. ఆ డబ్బు కొన్నరోజే పోయింది. అమ్మగలిగితే అమ్మండి, కానీ రెండు వారాల గడువు పెట్టుకోండి. అమ్ముడుపోకపోతే ఇచ్చేయండి.

అవసరమైన నిల్వలను కూడా తగ్గించడం. ప్రథమ చికిత్స పెట్టె, టార్చి, కొన్నిరోజుల మందులు, తాగునీరు, అత్యవసరానికి కాస్త డబ్బు. వీటిని "ఏడాదిగా వాడలేదు" అనే ప్రశ్నతో తూచకూడదు.

మళ్లీ కొనలేనివాళ్లను ఒత్తిడి చేయడం. లేమిలో పెరిగినవాళ్లకు దాచుకోవడమే ధైర్యం. ఆదాయం నిలకడగా లేనప్పుడు అదనపు దుప్పటి, అదనపు జత ఉంచుకోవడం వివేకమే. వాళ్ల మీద మీ పద్ధతిని రుద్దకండి.

## 14. నిలబెట్టుకునే అలవాట్లు

☐ రోజూ: పడుకునేముందు 10 నిమిషాలు, బయట ఉన్న ప్రతిదీ తన చోటికి.

☐ వారానికోసారి: గుమ్మం దగ్గరి "ఇచ్చేవి" సంచి బయటికి, కాగితాల దొంతర ఖాళీ.

☐ నెలకోసారి: వాయిదా జాబితా చదవడం, ఒక్క సొరుగు బోర్లించి చూడటం.

☐ కొత్తది వచ్చినప్పుడల్లా: అదే రకానిది ఒకటి బయటికి. కొత్త చొక్కాకు పాత చొక్కా వెళ్లాలి, పాత కలం కాదు.

ఇల్లు మళ్లీ నిండుతోందని అనిపిస్తే వెంటనే ఖాళీ చేయడానికి దిగకండి. చివరగా వచ్చిన ఇరవై వస్తువుల పేర్లు రాసి, పక్కన అవి ఏ దారిన వచ్చాయో గుర్తించండి: తగ్గింపు, కానుక, విసుగులో కొన్నది, పాడవుతుందేమోనని ముందే తెచ్చినది. ఎక్కువసార్లు వచ్చిన దారినే మూసేయాలి. ఆ ఒక్కదాని మీద నెల రోజులు దృష్టి పెట్టండి.

బిడ్డ పుట్టడం, ఇల్లు మారడం, ఉద్యోగం మారడం, ఇంట్లో ఎవరైనా మంచాన పడటం వంటివి జరిగినప్పుడు ఈ నియమాలన్నీ పక్కన పెట్టండి. అప్పుడు వస్తువులు పెరగడం సహజం. మొదటి మూడు నెలలు ఏదీ తీసేయకండి, ఏ వస్తువు నిజంగా వాడుకలోకి వచ్చిందో గమనించండి. పరిస్థితి కుదుటపడ్డాక కొత్త కారణం ఒకటి రాసుకుని, మొదటి 40 నిమిషాలకు గడియారం పెట్టండి.